పొలమారని నూనె

1974 చలికాలం. తిరువూరులో నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న ఆసుపత్రిలో పిల్లలకంటూ వేరే వార్డు ఉండేది కాదు. ఆడవాళ్ళ వార్డులో కిటికీల పక్కనున్న నాలుగు మంచాలను మేమే పిల్లల మంచాలని పిలుచుకునేవాళ్ళం. మార్గశిరం వచ్చిందంటే ఆ నాలుగూ ఖాళీగా ఉండేవి కావు. చలికి జలుబు, జలుబు ముదిరి దగ్గు, దగ్గు ముదిరి నెమ్ము, అంటే న్యుమోనియా. గంపలగూడెం వైపు నుంచీ, రెడ్డిగూడెం వైపు నుంచీ బస్సు దిగిన తల్లులు పిల్లల్ని దుప్పట్లలో మూటగట్టుకుని నేరుగా వార్డులోకే వచ్చేసేవారు.

అప్పటికి నాకు పదకొండేళ్ళ సర్వీసు. బిడ్డను చూడగానే నెమ్ము చేసిందో లేదో చెప్పేస్తానని పేరుండేది. ఆ పేరంటే నాకు ఇష్టమే, దాచడం ఎందుకు? మా డాక్టరు గారు కూడా రౌండ్స్‌కి వచ్చినప్పుడు ముందు నా మొహం చూసి, ఆ తర్వాత బిడ్డను చూసేవారు.

ఇందులో మంత్రమేమీ లేదు. ఇంట్లోవాళ్ళు జ్వరానికి భయపడతారు, మేము ఊపిరికి భయపడతాం. ఒళ్ళు కాలిపోతున్నా బాగా పాలు తాగుతూ, పలకరిస్తే నవ్వే బిడ్డ గురించి నేను పెద్దగా బెంగపడను. జ్వరం తక్కువగా ఉన్నా ఊపిరి వేగంగా తీసే బిడ్డ దగ్గర నుంచి కదలను. దీన్ని మేము రెస్పిరేషన్ కౌంట్ అంటాం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, చేతిలో గడియారం పట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేచిందో నిండా ఒక్క నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం చూసి రెండింతలు వేసే నర్సులంటే నాకు ఒళ్ళుమంట. మూడు నాలుగు నెలల పిల్ల నిమిషానికి నలభై దాకా తీసినా ఫరవాలేదు. యాభై దాటితే జాగ్రత్త పడతాను. తీసిన ప్రతిసారీ డొక్క లోపలికి గుంజుకుపోతుంటే డాక్టరు గారికి కబురు చేస్తాను.

పెనుగొలను నుంచి వచ్చిన రాధకు మూడూ ఉన్నాయి. నూట మూడు జ్వరం, నిమిషానికి అరవై నాలుగు ఊపిర్లు, ఎగిరిపడే డొక్కలు. అప్పటికి మూడు నెలల పిల్ల. తల్లి సుశీలకు ఇరవై ఏళ్ళుంటాయేమో, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఇంకా అక్కడే ఉంది. పిల్లను ఎత్తుకొచ్చింది మాత్రం అమ్మమ్మ నాగరత్నమ్మ. పొలం పనీ ఇంటి పనీ రెండూ నెగ్గుకొచ్చే గట్టి మనిషి. పిల్లకు ఊలు టోపీ, రెండు చొక్కాలు, పైన దుప్పటి, దానిమీద తన శాలువా చుట్టి తెచ్చింది. నేను ఒక్కొక్కటే విప్పుతుంటే తన చీర ఊడదీస్తున్నట్టే కంగారుపడింది.

"అయ్యో, చలి కమ్మేస్తుందండీ!"

"కమ్మేది చలి కాదమ్మా, ఈ దుప్పట్లే. లోపలి వేడి బయటికి పోవడానికి దారేదీ? పాలు తాగుతోందా?"

"నిన్న పొద్దుట్నుంచీ ఇవ్వలేదండి. లంఖణం పరమౌషధం అన్నారు గదా."

"ఆ మాట అరగని పెద్దాళ్ళ కోసం పుట్టిందమ్మా. పాలు తప్ప వేరే తిండి ఎరగని పిల్లకు లంఖణం ఏంటి? సుశీలా, నువ్వు ఇలా కూర్చుని పాలివ్వు. కొంచెం కొంచెంగా, మధ్యలో ఊపిరి తీసుకోనిస్తూ ఇవ్వు."

గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ తడిపి ఒళ్ళు తుడిచాను. టెపిడ్ స్పాంజింగ్ అంటే అంతే. చన్నీళ్ళు వాడితే పిల్ల వణికి జ్వరం ఇంకా పెరుగుతుంది. డాక్టరు గారు వచ్చి క్రిస్టలైన్ పెన్సిలిన్ రాశారు. ఒంటికి పడుతుందో లేదో చూడటానికి చర్మం కింద చిన్న టెస్ట్ డోస్ ఇచ్చి, అది బాగుందనిపించాక ఆరు గంటలకొక ఇంజెక్షన్ మొదలుపెట్టాం. ఐదో రోజుకు పిల్ల నన్ను చూసి నవ్వింది. ఇంట్లో తాగించాల్సిన మందు చేతికిచ్చి పంపించేశాం. నాకు మాత్రం అది ఇంకో మామూలు కేసే.

మూడు వారాలకు మళ్ళీ వచ్చారు. అదే జ్వరం, అవే డొక్కలు. ఈసారి నాకు కోపం వచ్చింది. మందు సరిగా పట్టలేదా అని సుశీల మీద విరుచుకుపడ్డాను. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుని ఖాళీ సీసా తీసి చూపించింది. పోలీసు దర్యాప్తులా ప్రశ్నలు వేశాను.

"ఇంట్లో వేరే మందులేమైనా వేశారా?"

"లేదండి."

"నాటు మందు? పసరు?"

"ఒట్టండి, మీరిచ్చింది తప్ప ఒక్క చుక్క వేరే మందు వెయ్యలేదు" అంది నాగరత్నమ్మ.

"నీళ్ళు పోశాక సాంబ్రాణి వేస్తున్నారా?"

"వెయ్యకుండా ఎలాగండీ? తల ఆరొద్దూ?"

ముద్దాయి దొరికిందనుకున్నాను. తలుపులేసిన గదిలో, నిప్పుల మీద సాంబ్రాణి పొడి చల్లి, దాని మీద బుట్ట బోర్లించి, ఆ పొగలో పిల్ల తల ఆరబెడతారు. ఆ పొగ చంటిపిల్లల ఊపిరికి మంచిది కాదు, అది నిజమే. పొయ్యి ఉన్న వంటింట్లో పడుకోబెట్టొద్దనీ, సాంబ్రాణి పూర్తిగా మానేయమనీ వార్డంతా వినపడేలా చెప్పాను. పిల్ల తేరుకుంది. ఇంటికి వెళ్ళారు. ఇక రారని డాక్టరు గారితో ధీమాగా అన్నాను.

రెండు వారాలు తిరక్కుండానే వచ్చారు. ఈసారి రాధ పెదవులు నీలంగా ఉన్నాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు, పిల్లిపిల్లలా మూలుగుతోంది. ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకొచ్చి, సన్నటి రబ్బరు గొట్టం ముక్కు దగ్గర పెట్టి, నేను ఆ మంచం పక్కనే స్టూలు వేసుకున్నాను. నాగరత్నమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మీరు చెప్పినట్టే సాంబ్రాణి మానేశామండి. వంటింటి వైపుకే తీసుకెళ్ళలేదు. కిటికీ తెరిచే ఉంచాం. మీరేది చెబితే అది చేశాం" అంది. పిల్ల మీద గుడ్డ సర్ది, "ఈసారి బతికి బయటపడితే మీ సూదులు ఇక మాకొద్దు నర్సమ్మగారూ. వాతలు పెట్టించుకుంటాం. మా వీధిలో ఒక పిల్లాడికి అలాగే తగ్గింది" అంది.

వాతలంటే ఇప్పటి వాళ్ళకు తెలియకపోవచ్చు. డొక్కలెగరేసే పిల్లల పొట్ట మీద ఎర్రగా కాల్చిన ఇనప చువ్వ మొన ఆనిస్తారు. ఆ బాధకు పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంది, ఏడిస్తే ఊపిరి ఆడిందని సంబరపడతారు. వాతలు తేలిన పొట్టలతో నా వార్డుకు వచ్చిన పిల్లల్లో ఎంతమందిని తిరిగి తల్లి చేతుల్లో పెట్టగలిగానో తలుచుకోవడం కూడా నాకు ఇష్టం ఉండదు. రాధను ఈసారి బతికించి పంపితే అక్కడికి పోతుంది. కారణం దొరక్కుండా పంపితే మళ్ళీ జబ్బుపడుతుంది. ఎటు చూసినా ఇదే ఆఖరి అవకాశం.

రౌండ్స్‌లో డాక్టరు గారు చార్ట్ మీద వేలు పెట్టి, "ఇక్కడున్నన్నాళ్ళూ బాగుంటుంది, ఇంటికి పోగానే చెడిపోతుంది. ఆ ఇంట్లో ఏదో ఉందమ్మా. మనకు తట్టడం లేదు" అన్నారు. పిల్లను విజయవాడ పంపి ఎక్స్‌రే తీయించాలని కూడా అనుకున్నారు. కానీ ఆక్సిజన్ తీయగలిగే స్థితి ఉంటే కదా. నాలుగో రోజుకు ఊపిరి నలభై ఎనిమిదికి దిగింది. ఐదో రోజు జ్వరం పోయింది.

ఆరో రోజు పొద్దున పదింటికి నాగరత్నమ్మ నా దగ్గరికొచ్చింది. "పిల్ల ఒళ్ళు మందుల కంపు కొడుతోందండి. ఎండ బాగుంది, రెండు చెంబులు పోసెయ్యనా?" అంది. గాలి తగలని చోట త్వరగా కానివ్వమన్నాను. వార్డు వెనక వరండాలో ఎండపొడ పడే చోట ఆవిడ పీట వేసుకుని, కాళ్ళు చాపి, పిల్లను కాళ్ళ మీద బోర్లా వేసుకుంది. నేను సిరంజీలు మరగబెట్టే స్టవ్ దగ్గర నిలబడి చూస్తున్నాను. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. ఆ చేతుల్లో ఎంత ఒడుపు! వీపు రుద్దింది, కాళ్ళు సాగదీసింది, సున్నిపిండి పెట్టింది, మొహం మీద నీళ్ళు పడకుండా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి తలకు పోసింది. తుడిచి, వెల్లకిలా తిప్పింది. పక్కనున్న గిన్నెలోంచి ఆముదం వేలితో తీసుకుని ఒక ముక్కులో రెండు చుక్కలు, ఇంకో ముక్కులో రెండు చుక్కలు వేసి, నోటితో ఉఫ్ అని ఊదింది. తర్వాత వేలు నూనెలో ముంచి నోట్లోకి పోనిచ్చి, గొంతు దాకా తిప్పి తీసింది.

పిల్ల చప్పరించింది. దగ్గలేదు, పొలమారలేదు. హాయిగా కళ్ళు మూసుకుంది.

అప్పుడు తట్టింది నాకు. నీళ్ళు కానీ పాలు కానీ పొరపాటున ఊపిరి గొట్టంలోకి పోతే వెంటనే పొలమారుతుంది. దగ్గి దగ్గి బయటికి కక్కేస్తాం. మన ఒంటికి దేవుడిచ్చిన కాపలా అది. నూనె ఆ కాపలాను తప్పించుకుంటుంది. నున్నగా, చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోయి అక్కడే కూర్చుంటుంది. దాని చుట్టూ వాపు వస్తుంది, ఆ వాపులో చీము చేరుతుంది. ఆయిల్ యాస్పిరేషన్ అని నర్సింగ్ స్కూల్లో మా ట్యూటర్ ఒక్కసారి చెప్పి వదిలేసిన పాఠం అది. పరీక్షకు రాదని నేనూ వదిలేశాను.

అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. జ్వరం ఉన్న పిల్లకు నీళ్ళు పోయరు కాబట్టి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నూనె లేదు. ఇంటికి పోయిన రెండో రోజు నుంచీ స్నానం, స్నానంతో పాటే నూనె. దగ్గు కాస్త ఎక్కువైతే కళ్ళె పడిందని ఇంకో రెండు చుక్కలు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు నేను సాంబ్రాణి కోసం, పొయ్యి కోసం వెతికాను.

"ఆపండి!" అని అరిచాను. పరిగెత్తుకెళ్ళి గిన్నె లాక్కున్నాను. "ఈ నూనేనమ్మా మీ మనవరాల్ని చంపుతోంది! మూడు సార్లు చావుదాకా తీసుకెళ్ళింది ఇదే! మందులేమీ వెయ్యలేదని ఒట్టు పెట్టారే?"

వార్డులోని ఆడవాళ్ళంతా గుమ్మంలోకి వచ్చారు. నాగరత్నమ్మ మొహం ఎర్రబడింది.

"నూనె మందేంటండీ? నీళ్ళు పోసేటప్పుడు ఎవరైనా వెయ్యకుండా ఉంటారా? మా వీధిలో సగం మంది ఈ కాళ్ళ మీద పెరిగినాళ్ళే. వాళ్ళంతా గుండ్రాళ్ళలా లేరూ? మీరు నేర్చిన చదువులో పిల్లకి నీళ్ళు పొయ్యడం కూడా నేర్పుతారా?"

నేను తగ్గలేదు. తగ్గే రకాన్ని కాదు. నూనె ఎటు పోతుందో, ఎందుకు పొలమారదో, వార్డులో తగ్గి ఇంట్లో ఎందుకు తిరగబెడుతోందో అక్కడే నిలబడి అందరికీ పాఠం చెప్పినట్టు చెప్పాను. ఇంటికెళ్ళిన ఏ రోజు నీళ్ళు పోశారు, ఏ రోజు జ్వరం వచ్చింది అని సుశీల చేతే చెప్పించాను. రెండుసార్లూ లెక్క సరిపోయింది. ఆ అమ్మాయి తల్లి వంక చూసింది. నాగరత్నమ్మ పిల్లను పొడిబట్టలో చుట్టి, కూతురి ఒళ్ళో పెట్టి, పీట తీసి గోడకు ఆనించి లోపలికి వెళ్ళిపోయింది. నేను గెలిచాననుకున్నాను. మధ్యాహ్నం డాక్టరు గారికి చెబితే ఆయన లేచి నిలబడ్డారు. ఆ వారమే విజయవాడలో తీయించిన ఎక్స్‌రేలో నూనె జారి చేరే కింది భాగాల్లోనే మచ్చ కనిపించింది. ఆయన నా వంక చూసి తల ఊపారు.

కానీ నేను చెప్పదలుచుకున్నది గెలిచిన సంగతి కాదు. ఆ మర్నాడు మూడింటికి నేను డ్యూటీ రూములో చార్టులు రాసుకుంటుంటే నాగరత్నమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నర్సమ్మగారూ, ఒక మాట అడగనా? నాకు ఈ సుశీలకన్నా ముందు ఇద్దరు పుట్టారండి. ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల. ఇద్దరూ నాలుగో నెల దాటలేదు. ఇద్దరూ ఇలాగే, డొక్కలెగరేసి పోయారు." పమిట కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ, నేల చూస్తూ చెప్పింది. "మొదటాడికి మా అత్తగారు నీళ్ళు పోసింది. రెండోదానికి నేనే పోశాను. నిన్న మీరు అన్నారు గదా... అయితే నేనే చంపుకున్నానా?"

 చంపడం అన్న మాట ఆవిడది కాదు. పదిమంది ముందు నేను వాడిన మాట. నాకు సిగ్గుతో తల ఎత్తలేనంత పనైంది. కాదమ్మా అని అబద్ధం చెబుదామనిపించింది. కానీ ఆవిడ మళ్ళీ అదే నూనె తీస్తే? సుశీల రెండో బిడ్డకు తీస్తే?

"నాకు తెలీదమ్మా" అన్నాను. "వాళ్ళను నేను చూడలేదు. ఆ రోజుల్లో నెమ్ముకు ఈ మందు మన ఊళ్ళకు ఇంకా రాలేదు. ఎంతోమంది పిల్లలు నూనె ప్రమేయమే లేకుండా పోయారు. దాని వల్లే పోయారని చెప్పలేను."

"కాదని కూడా చెప్పలేరు గదండీ."

"చెప్పలేను."

అప్పుడు చెప్పాను, నా భర్తకు కూడా అంతవరకు చెప్పని మాట. "నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ మా అమ్మే నీళ్ళు పోసింది, అచ్చం మీలాగే. నూనె గిన్నె చేతికి అందించింది నేనే. నర్సునై ఉండి, పక్కనే కూర్చుని అందించాను. నా పిల్లలు బతికారు. అది నా తెలివి కాదమ్మా."

ఆవిడ మొదటిసారి నా మొహంలోకి చూసింది. "మీకూ తెలీదా?" అంది.

"తెలీదు."

కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "పిల్లకి పాల టైమైంది, దాని తల్లి నిద్రపోతున్నట్టుంది" అని వెళ్ళిపోయింది. నేను తలుపు వేసుకుని ఏడ్చాను.

రాధ పదిహేను రోజులు మా దగ్గరే ఉంది. ఊపిరితిత్తుల్లో చేరిన నూనె ఒక్కరోజులో పోయేది కాదు, రెండు నెలలు దగ్గు వదల్లేదు. ముక్కు మూసుకుపోతే మరగబెట్టి చల్లార్చిన ఉప్పునీళ్ళలో తడిపిన దూదితో శుభ్రం చేయడం సుశీలకు నేర్పాను. వారం వారం పెనుగొలను నుంచి తీసుకొచ్చి చూపించేవారు. నాగరత్నమ్మే రోజూ నీళ్ళు పోసేది, ఒళ్ళంతా నూనె రాసేది, ముక్కు జోలికీ నోటి జోలికీ పోయేది కాదు. మళ్ళీ నెమ్ము రాలేదు. వాతల మాట ఎవరూ ఎత్తలేదు.

నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. మొదటిది ప్రశ్నలో. మందేమైనా వేశారా అని అడగడం మానేశాను. మనందరికీ అలవాటైపోయిన వాటిని ఎవరూ మందని అనుకోరు, కాబట్టి చెప్పరు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, నేనే సరిగ్గా అడగలేదు. అప్పటి నుంచి, "బిడ్డ పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా ఏమేం చేస్తారో వరసగా చెప్పమ్మా" అని అడిగి, మధ్యలో అడ్డు రాకుండా వినేదాన్ని. పిల్లల నెమ్ము గురించి నాకు తెలిసిన వాటిలో సగం అలా విన్నవే.

రెండోది నేర్పింది నాగరత్నమ్మ. మరుసటి చలికాలంలో ఆవిడ తన ఊరి అమ్మాయినొకదాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి చేతిలో ఐదు నెలల బిడ్డ, దగ్గు, జ్వరం. నేను గడియారం పట్టుకుని ఊపిరి లెక్కపెట్టాను. యాభై నాలుగు. పొద్దున లేచిన దగ్గర నుంచి చెప్పమన్నాను. స్నానం దాకా వచ్చేసరికి నూనె మాట రానే వచ్చింది. నా గొంతు అప్పటికే పైకి లేస్తోంది. నాగరత్నమ్మ నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"మెల్లగా చెప్పండి నర్సమ్మగారూ" అంది నాకు మాత్రమే వినపడేలా. "దీనికి ముందొకడు పోయాడు."

నేను వార్డు తలుపు దగ్గరగా వేసి, ఆ అమ్మాయికి స్టూలు చూపించి, ముందుగా ఆ పోయినవాడి పేరేంటని అడిగాను.